మొదటిసారి స్విట్జర్లాండ్, అంతా రైళ్లలోనే తిరగాలని ప్లాన్. అమ్మ, పాప కూడా ఉన్నారు. సలహా ఇవ్వండి

తెనాలి_కుర్రాడు:
అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను కానీ రాయడం ఇదే మొదలు. మే రెండో పక్షంలో పాప సెలవుల్లో స్విట్జర్లాండ్ వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, అమ్మ (64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు), పాప (9). కారు తీసుకునే ధైర్యం లేదు, కుడివైపు నడపడం నా వల్ల కాదు. అందుకే పూర్తిగా రైళ్లే.

ప్రస్తుతానికి ప్లాన్ ఇది: జ్యూరిక్ 1 రాత్రి, లూసర్న్ 1, ఇంటర్‌లాకెన్ 2, జెర్మాట్ 1, జెనీవా 1, అక్కడి నుంచి పారిస్ 2. మధ్యలో గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ ఎలాగైనా ఎక్కాలి, ఆఫీసులో ఒకాయన ఫొటోలు చూపించినప్పటి నుంచీ అదే పిచ్చి. పాస్ తీసుకోవాలా, విడిగా టికెట్లు కొనాలా? మన దగ్గరలాగా 60 రోజుల ముందు బుక్ చేసుకోవాలా? వెయిటింగ్ లిస్ట్ ఉంటుందా? నవ్వకండి, నిజంగానే తెలీక అడుగుతున్నా.

బిర్యానీ_బ్రో:
బ్రో ఇన్ని తిప్పలెందుకు, గ్రూప్ టూర్‌లో పడిపో. మా బావమరిది వాళ్లు అలాగే వెళ్లొచ్చారు. పొద్దున ఇడ్లీ, రాత్రి పప్పన్నం, సామాను సంగతి వాళ్లే చూసుకుంటారు. అమ్మగారు ఉన్నారంటున్నావు కదా.

చుక్‌చుక్_రాణి:
నేను వింటర్‌తూర్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను (జ్యూరిక్ పక్కనే). ప్రతి ఎండాకాలం మా ఇంటికి ఎవరో ఒకరు ఇలాంటి ప్లాన్ పట్టుకునే దిగుతారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి. ఎనిమిది రాత్రులకి ఆరు హోటళ్లు. అంటే ప్రతిరోజూ పొద్దున పెట్టెలు సర్దడం, పదకొండుకి గది ఖాళీ చెయ్యడం, మూడు వరకు కొత్త గది ఇవ్వరు కాబట్టి ఆ నాలుగు గంటలు సామాను లాక్కుంటూ తిరగడం. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో ఇది వద్దు. ముందు పారిస్ కొట్టెయ్యండి, జెనీవా కూడా. జెనీవా మంచి ఊరే, కానీ మీరు చూడాలనుకుంటున్న కొండలూ మంచూ అక్కడ లేవు.

రెండే రెండు ఊళ్లు పెట్టుకోండి. లూసర్న్‌లో నాలుగు రాత్రులు, ఇంటర్‌లాకెన్ దగ్గర నాలుగు. ఈ దేశం చిన్నది, పొద్దున తొమ్మిదికి బయల్దేరి ఎక్కడికి పోయినా రాత్రి భోజనానికి అదే ఇంటికి రావచ్చు. జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ కిందే స్టేషన్ ఉంది, ఎస్కలేటర్ దిగితే ప్లాట్‌ఫారం. లూసర్న్‌కి నేరుగా బండి గంటకొకటి ఉంటుంది, గంటా పది నిమిషాల్లో దిగిపోతారు. మొదటి రోజు జ్యూరిక్‌లో పడుకోవాల్సిన పనే లేదు.

గ్రూప్ టూర్ గురించి: అందులో బస్సు తప్ప రైలు పెద్దగా ఉండదు. ఈయన అడిగింది రైలు గురించి కదా.

రిటైర్డ్_గార్డు:
బాబూ తెనాలి, నేను కాజీపేటలో గార్డుగా చేసి రిటైరయ్యాను. 2024లో మా అబ్బాయి పంపితే నేనూ మా ఆవిడా పన్నెండు రోజులు అక్కడే తిరిగొచ్చాం. నీ ప్రశ్నలకి జవాబు చెప్తాను, నవ్వే పని కాదు, మేమూ అదే అడిగాం.

వెయిటింగ్ లిస్ట్ లేదు. మామూలు బళ్లకి రిజర్వేషనే లేదు. టికెట్ మీద బండి నంబరు ఉండదు, ఆ రోజు ఆ దారిలో ఏ బండైనా ఎక్కొచ్చు. స్టేషన్‌లో గేటు లేదు, చెకింగ్ బండిలోనే. అలాగని ఎక్కాక టికెట్ కొందామంటే కుదరదు, ముందే ఉండాలి, లేకపోతే జరిమానా. సీటు నంబరు చూసుకుని కూర్చోవడం అలవాటైన మనకి మొదటిరోజు కాళ్లు ఆడవు, ఎవరి సీట్లో కూర్చున్నామో ఏమో అనిపిస్తుంది. బోగీ మీద పెద్దగా 1 అనో 2 అనో రాసి ఉంటుంది, 2 చూసి ఎక్కు, ఖాళీ ఉన్నచోట కూర్చో. అంతే.

ఇక నా ఉద్యోగం పుణ్యాన నేను గమనించింది. బెర్న్ స్టేషన్‌లో గడియారంలో పూర్తి గంట అయ్యే ముందు చూడు, నాలుగు వైపుల నుంచీ బళ్లన్నీ వచ్చి ఆగుతాయి. జనం అటూ ఇటూ మారతారు. గంట దాటగానే అన్నీ ఒకదాని వెంట ఒకటి పోతాయి. అరగంటకి మళ్లీ అదే. 1982 నుంచి దేశమంతా గంటగంటకీ అదే నిమిషానికి బండి అనే పద్ధతి పెట్టుకున్నారు. జ్యూరిక్–బెర్న్ ప్రయాణం గంట లోపు పడితేనే ఈ లెక్క కుదురుతుందని 2004లో కొత్త లైనే వేసేశారు, ఇప్పుడు 56 నిమిషాలు. మనం బండి ఎంత స్పీడు పోతుందా అని చూస్తాం. వాళ్లు అవతలి బండి అందుతుందా లేదా అని చూసి, దానికి తగ్గ స్పీడు పెట్టుకున్నారు. అందుకే వాళ్ల రైల్వే యాప్‌లో బండి మారడానికి ఐదారు నిమిషాలే చూపిస్తే కంగారు పడకు, చాలాచోట్ల ఎదురు ప్లాట్‌ఫారమే. తప్పినా టికెట్ పోదు, తర్వాతి బండి ఎక్కడమే.

తెనాలి_కుర్రాడు:
బాబాయ్ గారూ మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను, టెన్షన్ సగం తగ్గింది. రాణి గారూ, పారిస్ కొట్టేస్తే మా ఆవిడ నన్ను కొట్టేస్తుంది, కానీ ట్రై చేస్తా. మరి గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్?

చుక్‌చుక్_రాణి:
జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా ఎనిమిది గంటలు. 91 సొరంగాలు, 291 వంతెనలు, 2033 మీటర్ల ఎత్తున ఒబెరాల్ప్ కనుమ, అన్నీ నిజమే, అందంగానే ఉంటుంది. కానీ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి వేరే కట్టాలి, అది తప్పనిసరి. అద్దాలు తెరుచుకోవు, ఫొటోలో మీ చొక్కా రంగే కనిపిస్తుంది. తొమ్మిదేళ్ల పాప మూడో గంటకి ఫోన్ అడుగుతుంది. పైగా సెయింట్ మోరిట్జ్‌లో దిగాక మళ్లీ వెనక్కి రావాలి కదా, అదొక రోజు.

ఆ పట్టాల మీదే మామూలు లోకల్ బళ్లు తిరుగుతాయి. పేరు లేదు, రిజర్వేషన్ లేదు, కొన్నింటిలో కిటికీ కూడా దించుకోవచ్చు. బెర్నీనా అని ఇంకో పేరున్న కొండదారి ఉంది, దానికి కూడా అంతే. ఎర్రబండి అదే, పట్టాలు అవే, ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది ఆ పట్టాలకి, పెద్ద అద్దాల బోగీకి కాదు.

మీ ప్లాన్‌లో ఖర్చు లేకుండా వచ్చేది ఒకటి ఉంది. లూసర్న్ నుంచి ఇంటర్‌లాకెన్ బండి. బ్రూనిగ్ కనుమ మీదుగా రెండు గంటలకి కాస్త తక్కువ పడుతుంది, నా మాట నమ్మండి, మీకు అది చాలు. లూసర్న్‌లో ఎక్కేటప్పుడు కుడివైపు కూర్చోండి.

రిటైర్డ్_గార్డు:
ఆ కుడివైపు సంగతి నేను చెప్తాను. ముందు సార్నెన్ సరస్సు, తర్వాత లుంగెర్న్ సరస్సు కుడివైపే వస్తాయి. బండి కొండెక్కేచోట పట్టాల మధ్య పళ్ల పట్టా ఉంటుంది, ఇంజన్ కింద పళ్లచక్రం దాన్ని పట్టుకుంటుంది, పట్టుకున్నప్పుడు కింద నుంచి ఒక చప్పుడు మారుతుంది, చెవి పెట్టి విను. ఆ తర్వాత మైరింగెన్ అని ఒక స్టేషన్. అక్కడ బండి వచ్చిన వైపే తిరిగి బయల్దేరుతుంది, మన విశాఖపట్నంలో మారినట్టు. అందరూ సీట్లు తిరగేసినట్టు ఫీలై అవతలివైపుకి లేచి పోతారు. నువ్వు కదలకు. బ్రియెన్జ్ సరస్సు నీ కిటికీలోకే వస్తుంది. కూర్చున్న సీటులోనే మూడు సరస్సులు.

బిర్యానీ_బ్రో:
బాబాయ్ మీరు టికెట్ లేకుండానే తిప్పేస్తున్నారు మమ్మల్ని 😀

లెక్కల_మాస్టారు:
పాస్ గురించి ఎవరూ రాయలేదు, అసలు డబ్బులు పోయేది అక్కడే. ముందు మీ దగ్గరున్న దారులు చెప్తాను, తర్వాత లెక్క.

స్విస్ ట్రావెల్ పాస్ అంటే వరసగా 3, 4, 6, 8 లేదా 15 రోజులు రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు, ఊళ్లో ట్రాములు అన్నీ ఉచితం. మ్యూజియాలు కూడా. కొండమీదికెళ్లే రైళ్లకి, రోప్‌వేలకి ఎక్కువ చోట్ల సగం. హాఫ్ ఫేర్ కార్డు అంటే నెలరోజులు దాదాపు అన్నిటికీ సగం ధర. మేం 2024లో వెళ్లినప్పుడు 8 రోజుల పాస్ రెండో తరగతి 419 ఫ్రాంక్‌లు, హాఫ్ ఫేర్ కార్డు 120. ధరలు ఏటా మారుతుంటాయి, మీరు కొనేరోజు ఎంతుందో చూసుకోండి, లెక్క మాత్రం ఇదే పద్ధతి.

కార్డుతో వెళ్తే మీకయ్యేది 120, పైన టికెట్లలో సగం. పాస్‌తో వెళ్తే 419. రెండూ సమానమయ్యేది టికెట్ల పూర్తి ధర 598 అయినప్పుడు. అంటే పాస్ ఉచితంగా తీసుకెళ్లే ప్రయాణాలన్నిటి మామూలు ఛార్జీలు యాప్‌లో చూసి కూడండి, మనిషికి 598 దాటితే పాస్, దాటకపోతే కార్డు. కొండల టికెట్లు ఈ కూడికలో వెయ్యొద్దు, అవి విడిగా చూసుకోవాలి, ఎందుకంటే ఒక మెలిక ఉంది. యుంగ్‌ఫ్రాయోక్ అని మంచుకొండ మీద రైల్వే స్టేషన్ ఉంది, దానికి పాస్ ఉంటే గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ దాకా ఉచితం, అక్కడి నుంచి పైకి 25 శాతమే తగ్గింపు. హాఫ్ ఫేర్ కార్డుకైతే పైదాకా సగం. టికెట్ ఖరీదు ఎక్కువ కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు.

రాణి గారు చెప్పిన రెండు ఊళ్ల ప్లాన్ అయితే తక్కువ దూరాలు కాబట్టి కార్డే గెలవచ్చు. అందరూ పాస్ అంటారని గుడ్డిగా పాస్ కొనకండి. పాపకి ఫ్యామిలీ కార్డు ఉచితంగా ఇస్తారు, పాస్‌తోనో కార్డుతోనో కలిపి అడగాలి, అడగకపోతే వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. ఆ కార్డు ఉంటే పదహారేళ్ల లోపు పిల్లలకి అమ్మానాన్నలతో ఉన్నప్పుడు టికెట్ అక్కర్లేదు.

చుక్‌చుక్_రాణి:
మాస్టారూ లెక్క కరెక్టే, కానీ ఒకటి మర్చిపోయారు. ప్రతిసారీ మిషన్ దగ్గర నిలబడి టికెట్ కొనడం, నలుగురిలో ఎవరిది ఏదో చూసుకోవడం, తప్పు బండి ఎక్కితే ఆ దారికి టికెట్ లేకపోవడం. మొదటిసారి వచ్చేవాళ్లకి పాస్ ఉంటే తప్పు బండి ఎక్కినా ఫర్వాలేదు, దిగి ఇంకోటి ఎక్కుతారు. ఆ నిశ్చింతకి ఎంత ఖరీదు కడతారు?

లెక్కల_మాస్టారు:
ముగ్గురు పెద్దవాళ్లకి కలిపి వంద ఫ్రాంక్‌ల లోపు తేడా అయితే కడతాను. మూడొందలైతే కట్టను. ఒక ఫ్రాంక్ వంద రూపాయల పైమాటే అని మర్చిపోకండి, అమ్మా.

వైజాగ్_వెన్నెల:
తప్పు బండి అన్నారు కాబట్టి మా కథ చెప్పాలి. కాదు, తప్పు బండి కూడా కాదు, కరెక్ట్ బండిలో తప్పు బోగీ!

ఇంటర్‌లాకెన్ ఓస్ట్ నుంచి లౌటర్‌బ్రునెన్ పోవాలి. యాప్‌లో చూపించిన టైముకి, చూపించిన ప్లాట్‌ఫారం మీద, బండి మీద లౌటర్‌బ్రునెన్ అని బోర్డు కూడా చూసి మరీ పరిగెత్తాం. ముందర బోగీ నిండుగా ఉందని నడుచుకుంటూ ఇంకోవైపు వెళ్లి హాయిగా కూర్చున్నాం. పది నిమిషాలకి ఒక చిన్న స్టేషన్‌లో ఆగింది. త్స్వైలూచినెన్, ఆ పేరు నేను చచ్చేదాకా మర్చిపోను. బండి కాస్త కుదిపింది. చూస్తే అవతలి సగం విడిపోయి కుడివైపు లోయలోకి వెళ్లిపోతోంది, మేం ఎడమవైపు! మా వారూ తమ్ముడూ పెట్టెలూ ఆ సగంలో, నేనూ అత్తయ్యా మరుదులూ ఈ సగంలో. గ్రిండెల్‌వాల్డ్‌లో తేలాం. అక్కడి నుంచి వాళ్లకి ఫోన్ చేద్దామంటే సిమ్ మా వారి ఫోన్‌లోనే వేయించాం, డబ్బు మిగులుతుందని.

ఏం కాలేదు, అరగంటకి తిరుగుబండి ఎక్కి, అదే స్టేషన్‌లో దిగి మారాం. అత్తయ్య మాత్రం ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్తుంది, కోడలు నన్ను వేరే దేశంలో వేరే కొండకి తీసుకెళ్లిందని. కాబట్టి బోర్డు బండి మీద కాదు, ఎక్కే బోగీ మీద చదవండి. ప్లాట్‌ఫారం మీద ఎ, బి, సి అని భాగాలు రాసి ఉంటాయి, ఏ భాగం ఎక్కడికో స్క్రీన్ మీద వస్తుంది. మనిషికో సిమ్ కొనండి, లేదా కనీసం ఇద్దరికి.

రిటైర్డ్_గార్డు:
అమ్మా వెన్నెలా, మన దగ్గర కూడా లింక్ ఎక్స్‌ప్రెస్‌లని ఇలాగే ఉండేవి, సగం ఇటూ సగం అటూ. ఆ కాలంలో నేను ప్లాట్‌ఫారం మీద గొంతు చించుకుని అరిచేవాణ్ణి, అయినా ప్రతివారం ఒకరు తప్పు బోగీలో ఉండేవాళ్లు. నీ తప్పేం లేదు.

బిర్యానీ_బ్రో:
సరే గ్రూప్ టూర్ వద్దన్నారు, మరి తిండి? మా బావమరిది చెప్పాడు, ఒక ప్లేటు ఏదో తింటే మన రెండు వేలంట.

చుక్‌చుక్_రాణి:
అవును, బయట తింటే పర్స్ గోవిందా. అందుకే హోటల్ బదులు వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు, పెరుగు అన్నీ మీగ్రో, కోప్ అనే సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. పెరుగు కొనేటప్పుడు నాటూర్ అని రాసి ఉన్న డబ్బా తీసుకోండి, లేకపోతే స్ట్రాబెర్రీ పెరుగన్నం తినాలి (మా నాన్న తిన్నారు, ఆవకాయతో). ఆదివారం ఊళ్లో షాపులన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి మాత్రం తెరిచి ఉంటాయి. మీరు శనివారం దిగుతున్నట్టయితే స్టేషన్‌లోనే కొనుక్కుని వెళ్లండి.

పచ్చళ్లు తెచ్చుకోండి, ఆవకాయ, గోంగూర ఏమీ అనరు. మాంసం, పాలతో చేసినవి మాత్రం ఇండియా నుంచి తేకూడదు. చికెన్ పచ్చడి, కోవా, నెయ్యి సీసా వద్దు. మా అత్తగారి నెయ్యి ఎయిర్‌పోర్ట్‌లో తీసేశారు, ఆవిడ మూడ్రోజులు అదే మాట.

నీళ్లు కొనకండి. కుళాయి నీళ్లే తాగొచ్చు, వీధుల్లో ఫౌంటెన్ల నీళ్లు కూడా, తాగకూడనిచోట కైన్ ట్రింక్‌వాసర్ అని రాసి ఉంటుంది. అమ్మగారికి ఒక విషయం చెప్పండి, పెద్ద స్టేషన్లలో బాత్రూమ్‌కి డబ్బులు కట్టాలి, బండిలో ఉచితం. కాబట్టి దిగే ముందే. కరెంటు ప్లగ్ సంగతి: మన సన్న రెండు పుల్లల ఫోన్ ఛార్జర్లు పడతాయి, మూడు పుల్లల లావు ప్లగ్ పట్టదు. రైస్ కుక్కర్ తెచ్చుకుంటే అడాప్టర్ కావాలి.

జ్యూరిక్‌లో ఒక్కపూట ఉంటే హిల్ట్ల్ అని శాకాహార హోటల్ ఉంది, 1898 నుంచీ నడుస్తోంది, బఫేలో మన కూరలు కూడా ఉంటాయి. ఖరీదే, కానీ అమ్మగారు శాకాహారి అయితే ఒకసారి.

తెనాలి_కుర్రాడు:
అమ్మ శాకాహారే. రైస్ కుక్కర్ ఇప్పటికే పెట్టె పక్కన పెట్టేసింది, వీసా కూడా రాలేదింకా!

వీసా ఎలా? ఒక ఏజెంటు దగ్గరికి వెళ్తే నలుగురికీ కలిపి పెద్ద మొత్తం అడిగాడు, పైగా ఫ్రాన్స్ తొందరగా వస్తుంది ఫ్రాన్స్‌కి పెట్టేద్దాం అంటున్నాడు.

వైజాగ్_వెన్నెల:
వద్దు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే పెట్టాలి, రూల్ అది. స్విట్జర్లాండ్‌లో ఎనిమిది రాత్రులుండి ఫ్రాన్స్ వీసా అడిగితే కవరింగ్ లెటర్‌లో ఏం రాస్తారు, అబద్ధమా? మాకు పెట్టిన ఏజెంటు ఇన్సూరెన్స్ తేదీలు తప్పు వేశాడు, కౌంటర్ దగ్గర నిలబడి ఫోన్‌లో కొత్తది కొన్నాం. అప్పటినుంచీ నేనే చేసుకుంటున్నా, కష్టమేం కాదు.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఉండాలి. కానీ మేలో వెళ్లేవాళ్లందరూ ఒకేసారి పడతారు కాబట్టి హైదరాబాద్‌లో స్లాట్లు అయిపోతాయి, ఈ నెలలోనే స్లాట్ పట్టండి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకి 45. సెంటర్ వాళ్ల సర్వీసు ఛార్జి వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి. అమ్మగారి ఖర్చు మీరు పెట్టుకుంటున్నట్టు ఒక ఉత్తరం, మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆఫీసు సెలవు లెటర్, రోజువారీ ప్లాన్ ఒక పేజీ. గదులు మాత్రం క్యాన్సిల్ చేస్తే డబ్బులు తిరిగొచ్చేవే బుక్ చేయండి, వీసా వచ్చేదాకా.

లెక్కల_మాస్టారు:
పాస్ కూడా వీసా వచ్చాకే కొనండి. మామూలు బళ్లు నిండిపోవడం అంటూ ఉండదు కదా, తొందరేం లేదు.

చుక్‌చుక్_రాణి:
యుంగ్‌ఫ్రాయోక్ టికెట్ అయితే అసలే ముందు కొనకండి. 3454 మీటర్ల ఎత్తు, పైన మబ్బు పడితే తెల్ల గోడ చూసి రావడమే. పొద్దున లేవగానే వెబ్‌క్యామ్ చూడండి, పైన ఎండ ఉంటే అప్పుడు కొని వెళ్లండి. నాలుగు రోజులు అక్కడే ఉంటారు కాబట్టి ఏదో ఒక రోజు తెరుచుకుంటుంది, రెండు ఊళ్లు అన్నది ఇందుకే కూడా. అమ్మగారికి బీపీ ఉంటే డాక్టర్ని ఒక మాట అడగండి, పైన నెమ్మదిగా నడవాలి.

లూసర్న్‌లో ఉన్నప్పుడు రిగి కొండ తప్పకుండా. స్టేషన్ బయటే పడవ, గంటసేపు సరస్సు మీద, విట్స్‌నౌలో దిగితే ఎదురుగా ఎర్ర రైలు. నడక అసలు లేదు. 1871లో వేశారు, యూరప్‌లో కొండెక్కిన మొదటి రైలు అదే. దిగేటప్పుడు అవతలివైపు నీలం రైల్లో ఆర్ట్-గోల్డౌ వచ్చి అక్కడి నుంచి లూసర్న్ బండి. పాస్ ఉంటే పడవతో సహా అంతా ఉచితం. మాస్టారూ, ఇది మీ లెక్కలో వేసుకోండి.

లెక్కల_మాస్టారు:
వేశాను. ఇప్పుడు పాస్ గెలిచింది. 40 ఫ్రాంక్‌ల తేడాతో. సరే, ఒప్పుకుంటున్నా.

రిటైర్డ్_గార్డు:
చివరగా ఒకటి. స్టేషన్‌లో పసుపు కాగితం అంటే బయల్దేరే బళ్లు, తెల్ల కాగితం అంటే వచ్చే బళ్లు. మేం తెల్ల కాగితం చూసి ఇరవై నిమిషాలు నిలబడ్డాం, ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఉండి కూడా.

— — —

తెనాలి_కుర్రాడు:
జూన్ రెండో వారం. తిరిగొచ్చి వారమైంది. అందరికీ పేరుపేరునా థ్యాంక్స్ చెప్పాలి కాబట్టి వివరంగా రాస్తున్నా.

పారిస్ కొట్టేశాం. లూసర్న్‌లో నాలుగు రాత్రులు, ఇంటర్‌లాకెన్ పక్కన విల్డర్స్‌విల్‌లో నాలుగు, వంటగది ఉన్న ఇల్లు. మొదటిరోజు స్టేషన్‌లో సూపర్‌మార్కెట్‌కి వెళ్లి బియ్యం, టమాటా, నాటూర్ పెరుగు కొని రాత్రికి టమాటా పప్పు చేసుకున్నాం. అమ్మ కుక్కర్ మూత తీశాక, ‘అయితే ఈ ఊళ్లో ఉండొచ్చు’ అంది.

రిగి రోజు అద్భుతం. యుంగ్‌ఫ్రాయోక్ మొదట అనుకున్న రోజు వెబ్‌క్యామ్‌లో తెల్లగా ఏమీ లేదు, టికెట్ కొనలేదు, బదులుగా బ్రియెన్జ్ సరస్సులో పడవెక్కి గీస్‌బాక్ జలపాతం దగ్గర దిగాం. అక్కడ ఒడ్డు నుంచి పైకి చిన్న తాళ్ల రైలు ఉంది, 1879 నాటిదట, రెండు పెట్టెలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఒకటి దిగితేనే ఇంకోటి ఎక్కుతుంది. పాప అది చూసి యుంగ్‌ఫ్రాయోక్ అక్కర్లేదంది. రెండ్రోజుల తర్వాత ఎండ వచ్చింది, వెళ్లాం. పైన అమ్మకి కాస్త తల తిరిగింది, బెంచీ మీద కూర్చోబెట్టి టీ ఇప్పిస్తే పది నిమిషాల్లో కుదురుకుంది. మంచులో చెప్పులతోనే దిగుతానని ఒక గొడవ.

తప్పులు కూడా చేశాం. ఒకరోజు మ్యూరెన్ అనే కొండమీది ఊరి నుంచి దిగి ఆలస్యమైతే విల్డర్స్‌విల్‌లో దిగడం మర్చిపోయి ఓస్ట్ దాకా పోయాం. పాస్ ఉంది కాబట్టి నవ్వుకుని తిరిగొచ్చాం, రాణి గారి మాట గుర్తొచ్చింది. త్స్వైలూచినెన్‌లో విడిపోయే బండి ఎక్కేటప్పుడు మాత్రం ప్రతిసారీ మా ఆవిడ బోగీ బోర్డు పైకి చదివేది, పక్కనున్న జపాన్ వాళ్లు కూడా మా వెనకే ఎక్కడం మొదలుపెట్టారు. వెన్నెల గారూ, మీ అత్తయ్య గారికి నా నమస్కారాలు చెప్పండి.

బాబాయ్ గారూ, మీకో ప్రశ్న. లూసర్న్ స్టేషన్‌లో కూర్చుని అమ్మ గడియారం వంకే చూస్తోంది. ‘ఒరేయ్, ఆ ఎర్ర ముల్లు పన్నెండు దగ్గరికొచ్చి ఆగిపోతోంది, మళ్లీ పోతోంది, వీళ్ల గడియారం చెడిపోయిందిరా’ అంది. నేను చూస్తే నిజమే. ఏంటది?

రిటైర్డ్_గార్డు:
అమ్మగారు గార్డు ఉద్యోగానికి పనికొస్తారయ్యా! చెడిపోలేదు. ఆ ఎర్ర ముల్లు దాదాపు 58 సెకన్లలోనే చుట్టు తిరిగి పైన ఆగి, స్టేషన్ గడియారాలన్నిటికీ ఒకేసారి సిగ్నల్ రాగానే నిమిషం ముల్లు దూకుతుంది, అప్పుడు ఇదీ కదులుతుంది. అన్ని స్టేషన్లలో ఒకే నిమిషం ఉండాలని. హిల్ఫికర్ అని వాళ్ల రైల్వే ఇంజనీరే 1944లో చేశాడు ఆ గడియారం, ఎర్ర ముల్లు తర్వాత పెట్టాడు. దాని ఆకారం అక్కడి స్టేషన్ వాళ్లు బండి కదిలించడానికి చూపించే గుండ్రటి పలక లాంటిది. నేనూ మొదటిసారి చూసి అరగంట నిలబడ్డాను, మా ఆవిడ టీ చల్లారిపోయింది.

అవునూ, మైరింగెన్‌లో సీటు మారలేదు కదా?

తెనాలి_కుర్రాడు:
మేం మారలేదు, అమ్మ మారింది. బండి వెనక్కి కదలగానే ‘మళ్లీ లూసర్న్‌కే పోతోందిరా, దిగండి’ అని లేచి రైస్ కుక్కర్ సంచీ భుజానికేసుకుంది. వైజాగ్‌లో ఇంజన్ అటు తిప్పుతారు చూడు, అలాగే అన్నా నమ్మలేదు. ఎదురుగా కూర్చున్న స్విస్ ముసలావిడ ఏదో జర్మన్‌లో అంటూ అమ్మ చెయ్యి పట్టుకుని కిటికీ వైపు కూర్చోబెట్టింది. సరస్సు వచ్చేదాకా ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకున్నారు.